లాండ్రీ యంత్రం కొనాలంటే ముందు నీళ్ళను అడగాలి

దొరవారిసత్రం పేరు విన్నారా? గూడూరు నుంచి చెన్నై వెళ్ళే రైలు మార్గంలో, నాయుడుపేట దాటాక, సూళ్ళూరుపేటకు ముందు వచ్చే చిన్న స్టేషను అది. నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం ఈ మండలంలోనే ఉంది. ఇదివరకు నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ మండలం 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. దీనికి తూర్పు దిక్కున పులికాట్ సరస్సు, దాని కవతల శ్రీహరికోట, ఆపైన బంగాళాఖాతం.

ఈ స్టేషనులో ఆగకుండా ఎన్నో దూరప్రాంతపు రైళ్ళు దూసుకుపోతుంటాయి. వాటిలోని ఏసీ పెట్టెల్లో ప్రతి ప్రయాణికుడికీ రెండు పక్కదుప్పట్లు, దిండు, కంబళి ఇస్తారు. ఈనాటి ఎల్.హెచ్.బి. రకం మూడంతస్తుల ఏసీ పెట్టెలో 72 పడకలుంటాయి. అంటే ఒక్క పెట్టెకు 144 దుప్పట్లు! రైలుకు అలాంటి పెట్టెలు అయిదున్నా 720 దుప్పట్లు. వీటన్నిటినీ బండమీద బాది ఉతకడం సాధ్యమా? అందుకే రైల్వేవారు పెద్ద పెద్ద యంత్రాల లాండ్రీలు నడిపిస్తున్నారు. ఆస్పత్రులకు, హోటళ్ళకు, యాత్రికుల వసతి గృహాలకు కూడా ఇలాంటి లాండ్రీలే కావాలి.

మరి దొరవారిసత్రం దగ్గర, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన, ఎవరైనా అప్పు చేసి అలాంటి లాండ్రీ పెట్టాలనుకున్నారనుకోండి. మొట్టమొదట ఏం చెయ్యాలి? "మంచి యంత్రం కొనాలి" అంటారు మీరు. కాదు! ముందు ఒక శుభ్రమైన సీసాలో బోరునీళ్ళు పట్టుకుని పరీక్షశాలకు వెళ్ళాలి. ఎందుకో చూద్దాం.

చాకిరేవులో రసాయనశాస్త్రం

యంత్రాలు రాకముందు మన రజకులు బట్టలెలా ఉతికేవారో తెలుసా? చౌడు నేలల మీద తెల్లగా పొంగే మన్నును పోగుచేసి తెచ్చేవారు. దాన్ని నీళ్ళలో కలిపి, మురికి బట్టలను అందులో తడిపేవారు. తరువాత వాటిని బాన మీద పేర్చి, కింద మంటపెట్టి ఆవిరిలో ఉడికించేవారు. దీన్నే ఉబ్బ వేయడం అంటారు. మర్నాడు ఏటి నీళ్ళలో బండమీద ఉతికి, ఎండలో ఆరవేసేవారు.

ఇందులో ఎంత విజ్ఞానం ఉందో చూశారా! చౌడుమన్నులో సోడియం కార్బనేటు, సోడియం బైకార్బనేటు ఉంటాయి. సోడియం కార్బనేటు అంటే మనం చాకలి సోడా అని పిలిచేదే. ఈ క్షారం చెమట జిడ్డును, నూనెను విడదీస్తుంది. ఆవిరి వేడి పేలను, సూక్ష్మజీవులను చంపుతుంది. బండమీద బాదడం వల్ల మురికి ఊడుతుంది. ఎండ మరకలను వెలిసేటట్లు చేస్తుంది.

క్షారం, వేడి, దెబ్బ, సమయం. ఉతుకు అంటే ఈ నాలుగే. లక్షల రూపాయల యంత్రం చేసేదీ ఈ నాలుగు పనులే. అయితే వీటన్నిటికీ ఆధారం అయిదోది ఒకటుంది. అదే నీరు.

నురగను మింగే నీళ్ళు

కొన్ని బావుల నీళ్ళలో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. అలాంటి నీటిని కఠిన జలం అంటారని మీరు పాఠంలో చదివే ఉంటారు. నేలలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు అందులో కరిగి ఉంటాయి. అవి సబ్బుతో కలిసి, కరగని తెల్లటి తెట్టుగా మారతాయి. అవి పూర్తిగా అయిపోయేదాకా సబ్బు బట్టను ముట్టుకోనైనా ముట్టుకోదు.

ఎంత సబ్బు వృథా అవుతుంది? లెక్క వేద్దాం. కాఠిన్యతను కాల్షియం కార్బనేటు బరువుగా లెక్కిస్తారు. 100 గ్రాముల కాల్షియం కార్బనేటుకు సమానమైన కాఠిన్యత, 612 గ్రాముల సోడియం స్టియరేటును, అంటే సబ్బును, తినేస్తుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యత ఉన్న నీరు తీసుకోండి. అది లీటరుకు దాదాపు 1.84 గ్రాముల సబ్బును నురగ రాకముందే మింగుతుంది.

మన లాండ్రీకి రోజుకు 90 కిలోల బట్టలు వస్తాయనుకుందాం. కిలో బట్టకు 15 లీటర్ల చొప్పున 1,350 లీటర్ల నీళ్ళు కావాలి. అంతా సబ్బుతోనే ఉతికితే రోజుకు దాదాపు రెండున్నర కిలోల సబ్బు, నెలకు 75 కిలోల సబ్బు, ఒక్క మరకనైనా వదిలించకుండా కాలువపాలవుతుంది!

"సబ్బు బదులు డిటర్జెంటు పొడి వాడితే?" అని మీరు అడగవచ్చు. డిటర్జెంటు కఠిన జలంలో కూడా నురగనిస్తుంది, నిజమే. కాని పొడి ఎక్కువ పడుతుంది. సున్నపు రేణువులు బట్టలో చేరి, తెల్ల దుప్పట్లు క్రమంగా బూడిదరంగుకు తిరుగుతాయి. తువ్వాళ్ళు గరుకెక్కుతాయి. పైగా నీటిని వేడి చేసినప్పుడు కాల్షియం బైకార్బనేటు విడిపోయి, కరగని కార్బనేటుగా మారి, వేడిచేసే కడ్డీల మీద పెచ్చుకడుతుంది. ఈ పెచ్చు వేడిని సరిగా పోనివ్వదు. కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరకు కడ్డీ మాడిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. "ఈ నీళ్ళు తాగుతున్నాం కదా, ఉతకడానికి పనికిరావా?" అంటారు. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యతను మంచి హద్దుగా, వేరే ఆధారం లేనిచోట 600ను ఆఖరి హద్దుగా పెట్టింది. కాబట్టి తాగడానికి పనికివచ్చే నీరు కూడా లాండ్రీని నష్టపరచవచ్చు.

నీటిని మెత్తబరచే పూసలు

దీనికి మందు ఏమిటి? యంత్రంలోకి పోయేముందే నీటిని మృదు జలంగా మార్చాలి. 1905 ప్రాంతంలో జర్మన్ రసాయనవేత్త రాబర్ట్ గాన్స్ కృత్రిమ జియోలైటులతో ఈ పని చేసి చూపాడు. 1935లో ఇంగ్లండులో ఆడమ్స్, హోమ్స్ అనే శాస్త్రజ్ఞులు ఇదే పని చేయగల రెజిన్లను తయారుచేశారు.

ఆవగింజలంత చిన్న రెజిన్ పూసలను ఒక తొట్టిలో నింపుతారు. పూసల మీద సోడియం అయాన్లు అంటుకుని ఉంటాయి. కఠిన జలం వాటి మధ్యనుంచి పోతుంటే పూసలు కాల్షియంను పట్టుకుని, ఒక్కొక్క కాల్షియం అయానుకు బదులు రెండేసి సోడియం అయాన్లను వదిలేస్తాయి. కొంతసేపటికి పూసలు కాల్షియంతో నిండిపోతాయి. అప్పుడేం చేస్తారు? గాఢమైన ఉప్పునీళ్ళు పోస్తారు. సోడియం గుంపు ముందు కాల్షియం నిలవలేక బయటికి పోతుంది. పూసలు మళ్ళీ పనికి సిద్ధం!

ఉప్పు వేయడం మరిచిపోతే తొట్టి ఉన్నా లేనట్లే. అందుకే రోజూ ఉదయం ఒక గ్లాసు నీటికి కాఠిన్యత పరీక్ష చేయాలి.

మరి ఉప్పదనం సంగతి?

సముద్రతీర ప్రాంతాల్లో ఇంకో చిక్కుంది. భూమిలోని మంచినీటిని అతిగా తోడితే, ఉప్పునీరు లోపలికి జరిగి వస్తుంది. అలాంటి బోరులో కాఠిన్యతతోపాటు సోడియం క్లోరైడు, అంటే మామూలు ఉప్పు, కూడా ఎక్కువగా ఉంటుంది. రెజిన్ తొట్టి దీన్ని తీయలేదు. అది కాల్షియం బదులు సోడియంను ఇచ్చేదే కదా! ఉప్పు తీయాలంటే పొరల గుండా నీటిని ఒత్తి పంపే ఆర్.ఓ. యంత్రం కావాలి. లేదా బోరు వదిలి చెరువునీరో, వాననీరో చూసుకోవాలి.

ఉప్పును అశ్రద్ధ చేస్తే? 'స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదు' అనుకుంటాం. దానిమీద కంటికి కనిపించనంత పలుచని క్రోమియం ఆక్సైడు పొర ఉంటుంది. అదే దాని కవచం. క్లోరైడు అయాన్లు ఆ కవచంలో చిన్న చిన్న రంధ్రాలు చేస్తాయి. మామూలుగా వాడే 304 రకం ఉక్కుకంటే, మాలిబ్డినం కలిపిన 316 రకం ఉప్పును బాగా తట్టుకుంటుంది. అయితే ధర ఎక్కువ. ఏ రకం కొనాలో చెప్పేది అమ్మకందారు కాదు, నీటి పరీక్ష కాగితం. కాఠిన్యత, క్లోరైడు, మొత్తం కరిగిన లవణాలు, ఇనుము, ఈ నాలుగు అంకెలూ చేతిలో ఉంటేనే బేరానికి వెళ్ళాలి. ఇనుమెందుకంటారా? అది తెల్లబట్టల మీద పసుపు మరకలు వేస్తుంది.

ఎంత పెద్ద యంత్రం?

లాండ్రీ యంత్రం పరిమాణాన్ని పొడిబట్టల బరువులో చెబుతారు. మన 90 కిలోలకు 15 కిలోల యంత్రం ఒకటి ఆరు వాయిలు తిప్పాలి. వాయికి గంట చొప్పున ఆరు గంటల పని. పదేసి కిలోల యంత్రాలు రెండైతే తొమ్మిది వాయిలు, దాదాపు అయిదు గంటలు. ఏది మేలు? ధర కాస్త ఎక్కువైనా రెండు ఉండటమే మేలు. ఒకటి చెడినా రెండోది నడుస్తుంది. ఆస్పత్రి దుప్పట్లు రేపటిదాకా ఆగవు కదా!

ఉతకడానికి 40, పిండడానికి 800

యంత్రంలో బట్టలు వేసే డ్రమ్ము వ్యాసం 80 సెంటీమీటర్లు అనుకుందాం. వ్యాసార్ధం 0.4 మీటరు. నిమిషానికి 40 చుట్లు తిరిగితే అంచు దగ్గర త్వరణం సెకనుకు సెకనుకు 7 మీటర్లు. భూమ్యాకర్షణ 9.8. అది ఎక్కువ కాబట్టి బట్ట పైదాకా వెళ్ళి, ధబ్బున నీళ్ళలో పడుతుంది. చాకిరేవు బండ చేసే పని ఇదే! వేగం నిమిషానికి 47 చుట్లు దాటితే బట్ట డ్రమ్ముకు అతుక్కుపోతుంది. ఇక పడదు, మురికి వదలదు. డ్రమ్మును కుక్కి నింపినా అంతే. బట్ట పడటానికి ఖాళీ ఉండాలి.

పిండేటప్పుడు 800 చుట్లు తిరుగుతుంది. అప్పుడు త్వరణం భూమ్యాకర్షణకు దాదాపు 286 రెట్లు! బట్టలు ఒక పక్కకు చేరి, రెండు కిలోల తేడా వచ్చిందనుకోండి. 572 కిలోల బరువు సెకనుకు 13 సార్లు యంత్రాన్ని ఒక్కో దిక్కుకు లాగినట్లవుతుంది. అందుకే స్ప్రింగులు లేని యంత్రానికి లోతైన కాంక్రీటు పునాది వేసి బోల్టులు బిగించాలి. మేడమీద పెట్టకూడదు.

ఆరబెట్టే ఖర్చు

గట్టిగా పిండడం ఎందుకంత ముఖ్యం? కిలో నీటిని ఆవిరి చేయడానికి కనీసం 0.67 యూనిట్ల శక్తి కావాలి. 90 కిలోల బట్టల్లో 90 కిలోల నీరు మిగిలితే 60 యూనిట్లు. బాగా పిండి 45 కిలోలకు తగ్గిస్తే 30 యూనిట్లు చాలు. రోజుకు 30 యూనిట్ల ఆదా! తెలంగాణ ప్రభుత్వం 2021లో లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు పథకం తెచ్చింది. మన ఆదా ఎనిమిదిన్నర రోజుల్లోనే అంత అవుతుంది.

ఎండ ఉంటే ఇంకా మేలు. అయితే నెల్లూరు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు. ఆ మూడు నెలల కోసమైనా ఆరబెట్టే యంత్రం తప్పదు.

ప్రాణాలు కాపాడే అలవాట్లు

ఆరబెట్టే యంత్రంలో బట్టలనుంచి నూగు రాలి జల్లెడలో చేరుతుంది. పొడి నూగు దూదిలాగే అంటుకుంటుంది. ప్రతి వాయికీ జల్లెడ దులపాలి. వంటనూనె మరకలున్న గుడ్డలతో మరింత జాగ్రత్త అవసరం. సరిగా ఉతకని అలాంటి గుడ్డలను వేడిగా కుప్పపోస్తే, నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. ఆ వేడి కుప్పలో చిక్కుకుని, నిప్పు పెట్టకుండానే మంట లేస్తుంది! అందుకే చివరి కొద్ది నిమిషాలు చల్లగాలితో తిప్పి, వెంటనే విడివిడిగా మడతపెట్టాలి.

పెద్ద లాండ్రీల్లో ఆవిరి కోసం బాయిలరు ఉంటుంది. దాని గొట్టాల్లో కఠిన జలం పెచ్చుకడితే లోహం అతిగా వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. చట్టపరిధిలోకి వచ్చే బాయిలరును తనిఖీ, ధ్రువపత్రం లేకుండా నడపకూడదు. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చినా ఈ నియమం మారలేదు.

ఆస్పత్రి బట్టలకు వేడి చాలా ముఖ్యం. బ్రిటన్ ఆస్పత్రుల మార్గదర్శకాల ప్రకారం నీరు 71 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు నిమిషాలకు, లేదా 65 డిగ్రీల వద్ద పది నిమిషాలకు తగ్గకుండా ఉండాలి. కడ్డీ మీద పెచ్చుకట్టి నీరు 50 డిగ్రీల దగ్గరే ఆగిపోతే? దుప్పటి తెల్లగానే కనిపిస్తుంది, రోగక్రిములు మాత్రం మిగిలిపోవచ్చు. చూశారా, నీటి కాఠిన్యత చివరకు రోగి మంచందాకా వెళ్ళింది!

వీటితోపాటు జేబుల్లోని నాణేలు, పిన్నీసులు తీయడం, బెల్టు బిగువు చూడడం, బేరింగులకు గ్రీజు పెట్టడం, ఎర్తింగు పరీక్షించడం, ఏ రోజు ఏం చేశారో పుస్తకంలో రాయడం మరవకూడదు.

వాడిన నీళ్ళ మాట కూడా చెప్పుకోవాలి. క్షారం, డిటర్జెంటు, రెజిన్ తొట్టి కడిగిన ఉప్పునీరు నేరుగా పొలాల్లోకి, చెరువుల్లోకి వదిలితే నేల చౌడెక్కుతుంది. పక్షులు చేపలు పట్టుకునే చెరువులున్న ఊళ్ళలో ఇది చిన్న సంగతి కాదు. శుద్ధి చేశాకే వదలాలి. ఆఖరి జాడింపు నీళ్ళను పట్టి ఉంచి, తరువాతి వాయి మొదటి ఉతుకుకు వాడితే నీరూ మిగులుతుంది.

మీరే చేసి చూడండి

ఒకే మాదిరి సీసాలు నాలుగు తీసుకోండి. ఒకదానిలో వాననీరు, రెండోదానిలో మీ ఇంటి బోరునీరు, మూడోదానిలో అదే బోరునీటిని పది నిమిషాలు మరగబెట్టి, చల్లార్చి, వడకట్టినది, నాలుగోదానిలో బోరునీటిలో చిటికెడు చాకలి సోడా కలిపి, తేర్చినది పోయండి. నాలుగూ సమానంగా సగందాకా ఉండాలి. సబ్బును కొద్ది నీటిలో కరిగించి, ఒక్కొక్క సీసాలో చుక్క చుక్కగా వేస్తూ, మూతపెట్టి కుదపండి. నురగ రెండు నిమిషాలు నిలవడానికి ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకోండి.

మరగబెట్టిన నీటికి చుక్కలు బాగా తగ్గితే మీ నీటిది చాలావరకు తాత్కాలిక కాఠిన్యత. తగ్గకపోతే శాశ్వత కాఠిన్యత. మీ ఊళ్ళో ఎవరైనా లాండ్రీ పెట్టబోతుంటే ఈ పట్టీ వారికి చూపించండి. పరీక్షశాలకు వెళ్ళమని చెప్పడానికి ఇది చాలు.