తొలకరి జల్లు - కంప్యూటరు లెక్క

గుంటూరు, ప్రకాశం మైదానములలోని నల్లరేగడి చేలలో తొలకరి జల్లు పడగానే పత్తి విత్తనము నాటుట పరిపాటి. పైపొర తడిసినంత మాత్రమున నేల పదునెక్కినట్లు కాదు. పిమ్మట పదిదినములు బెట్ట తగిలినచో మొలక మాడిపోవును. విత్తనము మరల కొనవలసివచ్చును. సొంతభూమి గల రైతు ఎట్లో తట్టుకొనును. కౌలుదారునకు మాత్రము అది అప్పుపై అప్పు.

ఈ అదనును ముందుగా లెక్కకట్టుటకు శాస్త్రజ్ఞులు కంప్యూటరు సహాయమును పొందుచున్నారు. దినదినము కురిసిన వాన, ఎండ, ఉష్ణోగ్రత, నేల ఎంత లోతున ఎంత తేమను నిలుపుకొనగలదను వివరము, పైరు రకము, విత్తిన తేది - ఇవి అందించినచో కంప్యూటరు ఆ పైరును లెక్కలలోనే పెంచి చూపును. వేరు ఎంత దిగినది, ఆకు ఎంత విచ్చినది, కాయ ఎంత పట్టినది అని ఒక్కొక్క దినమునకు గణించును. అదే చేనిలో జూన్ మొదటి వారమున విత్తిన ఏమగును, మూడవ వారమున విత్తిన ఏమగును అను ప్రశ్నను గడచిన ముప్పది ఏండ్ల వానలపై పరీక్షింపవచ్చును. రైతు తన ఆయుష్కాలమున ముప్పది నలువది పంటలు చూచును. అదియు ఏటికొక్క తేదితోనే. ఇట్టి నమూనాలకు కనీసము ఏ వివరములు కావలెనో చర్చించుటకు 1983 మార్చిలో అంతర్జాతీయ సదస్సు జరిగినది మన పటాన్‌చెరువు ఇక్రిశాట్ కేంద్రముననే.

ఈ విధమైన గణనము మన రైతుల చెంతకు కూడ వచ్చినది. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున ఇక్రిశాట్, మైక్రోసాఫ్టు సంస్థ, రాష్ట్ర ప్రభుత్వము కలిసి 175 మంది వేరుశనగ రైతులకు తెలుగులో సెల్‌ఫోను సందేశములు పంపినవి. 1986 నుండి 2015 వరకు గల వాతావరణ వివరములను ఆధారము చేసికొని, తొలివారమున తొందరపడక నేలలో చాలినంత తేమ చేరిన పిదపనే విత్తుడని సలహా యిచ్చినవి. సగటు దిగుబడి 30 శాతము హెచ్చినదని ఆ సంస్థలు ప్రకటించినవి. ఒక్క ఏటి ఫలితమును శాశ్వతమని నమ్మరాదు. అయినను రైతు చేనిలో ఏ పరికరమును అమర్చనక్కరలేకపోయినది; సామాన్యమైన సెల్‌ఫోను చాలినది.

మిరప విషయమున మరికొంత జాగ్రత్త అవసరము. 2021లో నల్ల తామరపురుగు మన మిరప తోటలను ఎట్లు పాడుచేసినదో చెప్పనక్కరలేదు. నీటిని, నత్రజనిని లెక్కకట్టు నమూనా అట్టి పురుగు రాకను ఎరుగదు. యార్డులో పలుకబోవు ధరను అసలే ఎరుగదు.

పంచాయతీ సభ్యులు ఇందు చేయదగిన పని కలదు. ఒక ఊరిలో కురిసిన వాన పొరుగూరిలో కురియదు. కావున గ్రామమున ఒక వర్షమాపకమును నిలిపి, ప్రతి ఉదయము ఎనిమిదిన్నర గంటలకు కొలత వ్రాయించవలెను. ఏ చేను ఏ తేదిన విత్తిరో, ఎవరు మరల విత్తవలసివచ్చెనో అదే పుస్తకమున నమోదు చేయించి, మండల వ్యవసాయాధికారికిని, లాం పరిశోధనా కేంద్రము వారికిని చూపవలెను. సందేశములు ఎవరి ఫోనునకు వచ్చుచున్నవో కూడ విచారింపవలెను. భూమి యజమాని పేరున నమోదైన చోట సలహా పట్నమున నున్న ఆయనకు చేరును గాని, చేలో నిలిచి మబ్బు వంక చూచుచున్న కౌలుదారునకు చేరదు.