పోలీసు జట్టు: హైదరాబాదు ఫుట్‌బాలు మహోజ్జ్వల చరిత్ర

1950వ సంవత్సరమున బొంబాయి నగరమున రోవర్సు కప్పును కైవసము చేసికొనిన హైదరాబాదు నగర పోలీసు జట్టు, 1954 వరకు వరుసగా అయిదేండ్లు ఆ కప్పును మరియొకరి చేతికి పోనీయలేదు. 1891లో తెల్లదొరల పాలనలో ఆరంభమైన ఆ పోటీకి కలకత్తా మహాజట్లు సయితము తరలివచ్చుచుండగా, దేశమెల్ల తిరిగి ఆడిన, ఆస్తిపాస్తులు లేని యీ కనిస్టేబుళ్ళు సాధించిన విజయపరంపర మన దేశపు క్రీడాచరిత్రలో మిక్కిలి అరుదైనది. డ్యూరాండు కప్పు కూడ 1950, 1954, 1957 సంవత్సరములలో వారినే వరించినది.

ఆ కాలమును స్మరించునపుడు మా రేగొండవంటి పల్లెలవారికి మరియొక సంగతి తప్పక తలపునకు వచ్చును. తెలంగాణ సాయుధపోరాటము సాగుచున్న ఆ దినములలో వరంగల్లు జిల్లా గ్రామములలో పోలీసు అను మాట వినబడినంతనే గుండెలు ఝల్లుమనెడివి. ఊరి వెలుపల క్యాంపు వెలసినదన్న వార్త పుట్టినచో మగవారు పొలముల దారి పట్టెడివారు. అదే శాఖ, అవే సంవత్సరములలో, రాజధానియందు ఇంతటి సుకుమారమైన కళను పోషించినదనుట నాకు నేటికిని విస్మయకరముగనే యున్నది. ఒకదాని కొరకు రెండవదానిని మరువనక్కరలేదు.

ఈ జట్టునకు ప్రాణము పోసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన పోలీసు కాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, నగరమందలి పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పుకొనిన ఉపాధ్యాయుడు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగ నుండి, 1950లో పోలీసు జట్టు శిక్షణభారమును స్వీకరించెను. ఆయన బోధనాపద్ధతి బడిపంతులు పద్ధతియే. బంతిని కాలితో లాగికొని పోరాదను నియమముతో ఒక పోటీ నడపెడివాడు; అందు బంతి అందినవాడు వెంటనే తోటివానికి అందీయక తప్పదు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనని మరియొక పోటీ. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో తడబడుచు, జారుచు, నేర్చుకొనుచుండగా, ఆ తడబాటులోనుండియే రెండు కాళ్ళ నేర్పును పుట్టించిన యా గురువు మేధకు నమస్కరింపక తప్పదు. పొట్టి పాసులతో, పరుగుతో, కలిసికట్టు ఆటతో ఆయన తీర్చిన శైలియే తరువాత భారత జట్టు శైలియైనది.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణమును, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962లో జకార్తాలో మరల స్వర్ణమును పొందిన భారత జట్లకు రహీమే శిక్షకుడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికారుద్దీన్, యూసుఫ్ ఖాన్ మున్నగు హైదరాబాదువారు ఆ కీర్తికి మూలస్తంభములు. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాముని కథ చెప్పక విడువలేను. పోలీసులు వాడి పారవేసిన పాత బూట్ల తోలుతో కుట్టించుకొనిన బూట్లే ఆయనకు తొలి ఆట బూట్లు. అమ్ముగూడనుండి మైదానమునకు సైకిలుపై వచ్చి, రహీము కనుసన్నల నేర్చి, ఆ బాలుడు ఒలింపిక్సు క్రీడాకారుడైనాడు.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో, లక్షమంది ప్రేక్షకులు ప్రతికూలముగ కేకలు వేయుచుండగా, భారతజట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పటికే రహీము క్యాన్సరుచే క్షీణించుచుండెను. మరుసటి యేడు జూన్ 11న ఆయన కన్నుమూసెను. జట్టు అప్పటికే ఆంధ్ర పోలీసు అను పేరుతో ఆడుచు 1961లో డ్యూరాండు కప్పును గెలిచియుండినను, కలకత్తా క్లబ్బులు మన మేలిమి ఆటగాండ్రను తీసికొనిపోవుట అంతకుముందే ఆరంభమైనది. బలరాముడు 1957లోనే ఈస్టు బెంగాలునకు తరలిపోయెను. గురువును, శిష్యులను కొలది యేండ్లలో కోల్పోయిన జట్టు నిలువగలదా?

నిలుచుట సాధ్యమే యనుటకు నాకు నెదర్లాండ్సునుండి ఒక నిదర్శనము కనబడుచున్నది. ఊలుబట్టల మిల్లులకు ప్రసిద్ధికెక్కిన టిల్‌బర్గు పట్టణమున, మంచుపై కర్రలతో ఆడు ఐస్ హాకీకి 1938లో ఒక జట్టు వెలసినది. ట్రాపర్సు అని దాని పేరు. 1971 నుండి 1976 వరకు వరుసగా ఆరుసార్లు ఆ దేశమున ప్రథమస్థానమును పొందినది. మిల్లులు మూతబడినవి, ధనమిచ్చు సంస్థలు మారినవి, వాటి పేర్లు జట్టు పేరున చేరి తొలగినవి. జట్టు మాత్రము పట్టణమును విడువలేదు. స్వదేశమున సరియైన పోటీ చాలక 2015లో జర్మనీ మూడవ శ్రేణి లీగులో చేరి 2016, 2017, 2018లలో విజేతయైనది; పరదేశపు జట్టగుటచే పైశ్రేణికి పోవు అర్హత లేదని తెలిసియు ఆడుచున్నది.

మనకట్టి బంధము కుదురలేదు. 2019లో వెలసిన హైదరాబాదు ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు (ఐఎస్‌ఎల్) విజేతయైనపుడు, కీపరు కట్టిమణి మూడు కిక్కులను ఆపిన క్షణమున, రహీము దినములు తిరిగి వచ్చినవని ఎందరో సంతసించిరి. మూడేండ్లు దాటి కొలదికాలమునకే, 2025లో, ఆ జట్టు చేతులు మారి ఢిల్లీకి పోయినది. నగరము దానిని ఆపజాలకపోయినది. వాటా కొనిన అభిమానులతో, బడిపిల్లల జట్లతో, జిల్లాలకు విస్తరించిన శిక్షణతో పెరుగని జట్టును ధనమిచ్చినవాడు ఎచ్చటికైనను తీసికొనిపోగలడు.

మా మండలమున రావులపల్లి చెంతనున్న పాండవుల గుట్టలలో, ఆదిమానవులు రాతిపై గీసిన బొమ్మలు నేటికిని చూడవచ్చును. ఆ బొమ్మలవలె మన ఆటగాండ్ర జ్ఞాపకములు తమంతట నిలువవు. బలరాముడు 2023లో పరమపదించెను. ఆయనతో ఆడినవారిలో బ్రదికియున్నవారు వేళ్ళపై లెక్కింపదగినంతమందియే. వారి నోటిమాటలను సేకరించి, ఆ అయిదు రోవర్సు కప్పుల కథను లాల్‌బహదూరు స్టేడియమున చిత్రములతో పదిలపరచి, జిల్లా బడులలో ఎడమకాలి పోటీలను తిరిగి ఆరంభింపవలెనని క్రీడాశాఖను కోరుచున్నాను. పిల్లలకు బంతియు, చదునైన నేలయు చాలును. మొదటి పోటీని రేగొండ బడి మైదానముననే పెట్టవచ్చును.