టార్చి వెలుగు ఎంతదాకా?

పొలాలకు రాత్రిపూట కరెంటిచ్చే రోజుల్లో మోటారు వేయడానికి వెళ్లే రైతు చేతిలో మూడు సెల్లుల టార్చిలైటు ఉండేది. సెల్లు నీరసపడితే బల్బులో ఎర్రటి తీగ ఒక్కటే మిగిలేది. ఇప్పటి ఎల్‌ఈడీ టార్చి బొటనవేలంత లావుండి వాకిలంతా పట్టపగలు చేస్తుంది. దాని అట్టపెట్టె మీద మాత్రం ‘50,000 ల్యూమెన్లు’ అని ఉంటుంది; ల్యూమెన్ అంటే వెలువడే వెలుగుకు కొలత. నమ్మొచ్చా?

లెక్క వేద్దాం. వీటిలో వేసే 18650 లిథియం సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. మంచిదైతే సుమారు 12 వాట్-అవర్ల శక్తి పడుతుంది. వాట్‌కు 100 ల్యూమెన్ల చొప్పున వేసుకున్నా, 1,000 ల్యూమెన్లకు 10 వాట్లు కావాలి; గంట పైచిలుకు వెలుగుతుంది. 50,000 అంటే 500 వాట్లు! అంత కరెంటు ఆ సెల్లు ఇవ్వలేదు. ఇచ్చిందే అనుకున్నా నిమిషన్నరలో ఖాళీ.

అసలు చిక్కు సెల్లు కాదు, వేడి. పాత బల్బు తన వేడిని చాలావరకు పరారుణ కిరణాలుగా వెలుగుతో పాటే బయటికి పంపేసేది. ఎల్‌ఈడీ వేడి చిప్ వెనకే ఉండిపోతుంది. అక్కణ్ణుంచి రాగి పలకలోకి, అల్యూమినియం గొట్టంలోకి, చివరికి మన అరచేతిలోకి రావాలి. అన్నిటికన్నా ఎక్కువ వెలుగిచ్చే ‘టర్బో’ నొక్కిన కాసేపటికి గొట్టం చురుక్కుమంటుంది, వెలుగు దానంతటదే తగ్గుతుంది. టార్చి పాడైందని షాపుకు పరిగెత్తక్కర్లేదు. చిప్ మాడిపోకుండా లోపలి సర్క్యూట్ చేసే పని అది. పైగా కరెంటు పెంచేకొద్దీ చిప్‌లో వెలుగయ్యే వాటా తగ్గుతుంది. ఎలక్ట్రాన్లు కిక్కిరిసినప్పుడు, వెలుగుగా రావలసిన శక్తిని ఇంకో ఎలక్ట్రాన్ ఎగరేసుకుపోయి వేడిగా మార్చేస్తుంది.

మరి చిప్‌లే ఇంకా మెరుగైతే? దానికీ ఓ హద్దుంది. మన కంటికి బాగా ఆనే 555 నానోమీటర్ల పచ్చవెలుగు కూడా వాట్‌కు 683 ల్యూమెన్లు దాటదు. రంగులు సరిగా కనిపించే తెల్లవెలుగుకు పరిమితి దాదాపు అందులో సగం. 2014లోనే ఎల్‌ఈడీలు చేసే క్రీ సంస్థ ప్రయోగశాలలో వాట్‌కు 303 ల్యూమెన్లు సాధించింది. కాబట్టి ఫిలమెంటు నుంచి ఎల్‌ఈడీకి వేసినంత పెద్ద అంగ ఇంకోటి పడదు.

దూరం సంగతి వేరు. రెండింతల దూరం కొట్టాలంటే నాలుగింతల తీవ్రత కావాలి. అందుకే నీలి లేజర్‌ను, దాన్ని తెల్లవెలుగుగా మార్చే ఫాస్ఫర్ అనే పదార్థం మీద చుక్కంత చోట గుచ్చే టార్చీలు వచ్చాయి. వాటి వెలుగు గడకర్రలా సన్నగా పోయి ఎక్కడో దూరాన ఉన్న చెట్టును పట్టిస్తుంది, కాళ్ల దగ్గరి పామును వదిలేస్తుంది. గట్టు మీద నడిచేవాడికి పాదాల ముందు నాలుగు బారల మేర పరుచుకునే 100 ల్యూమెన్లు చాలు. ఆ మాత్రానికి అదే సెల్లు పన్నెండు గంటల దాకా వస్తుంది.