వేగం పెంచుదామా, వద్దా?

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపించడం. పైసా ఖర్చు లేకుండా కొత్త కంప్యూటర్ వచ్చినట్టే అని మా అబ్బాయి వాదన. వాడి మాటలో నిజం లేకపోలేదు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ చిప్‌ని, బస్ వేగం 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మార్చి, 300 బదులు 450 మెగాహెర్ట్జ్‌తో ఎంతోమంది నడిపించుకున్నారు.

నేను మటుకు వెంటనే సరేననలేదు. ఆ పెట్టెలోనే మావారి లెక్కలూ, పదేళ్ళుగా నేను రాసుకున్న కథలూ ఉన్నాయి మరి! వేగంతోపాటు వేడీ పెరుగుతుంది. నిలకడ కోసం వోల్టేజీ పెంచితే ఇంకా ఎక్కువ. వేగం 25 శాతం, వోల్టేజీ 10 శాతం పెంచితే వేడి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. రోహిణీ కార్తెలో, ఏసీ లేని గదిలో ఆ చిన్న ఫ్యాన్ ఏం చల్లారుస్తుంది చెప్పండి? మెషిన్ ఠక్కున ఆగిపోతే రాస్తున్న ఫైలు పాడవచ్చు. వారంటీ పోయే ప్రమాదం సరేసరి.

ఇంతకీ మా కంప్యూటర్ నత్తనడకకి కారణం ప్రాసెసర్ కాదు, పాత హార్డ్ డిస్క్. దాని బదులు ఎస్ఎస్‌డి వేయించాం, ఫ్యాన్ దుమ్ము దులిపించాం. ఇప్పుడు చకచకా తెరుచుకుంటోంది. ఆటల వేగం మాత్రం పెరగలేదని మావాడు ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు.

మీ పిల్లలూ అడిగితే కసరకండి. ముందు అవసరమైన ఫైళ్ళన్నీ వేరేచోట కాపీ చేయించండి. వేగం కొంచెం కొంచెంగానే పెంచమనండి, ప్రతిసారీ వేడెంతో చూడమనండి. ఇంటిల్లిపాదికీ ఒక్కటే కంప్యూటరైతే మాత్రం, ఆ ప్రయోగం వద్దనడమే మంచిది.