తీగ కొస ఎక్కడ గుచ్చాలి?

హోసూరు పాఠకుడొకరు అడిగారు: "మా ఊళ్లో టైటాన్ వాళ్లు వాచీలు చేస్తారు. మా నాన్నగారికి బెంగళూరులో పేస్‌మేకర్ పెట్టారు. అందులోనూ వాచీయే ఉంటుందా సార్?"

ఉంటుందండీ! క్వార్ట్జ్ వాచీలో సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం ఉంటుంది కదా, పేస్‌మేకర్లలో కాలం కొలవడానికీ సాధారణంగా అలాంటిదే వాడతారు. గుండె తనంతట తాను కొట్టుకుంటే పరికరం ఊరుకుంటుంది. గడువు దాటితే చిన్న విద్యుత్ ఘాతం ఇస్తుంది. పెట్టె సంగతి ఇంతే. నన్నడిగితే అసలు కథంతా ఆ పెట్టె నుంచి గుండెలోకి దిగే తీగ కొసలో ఉంది.

కుడి కర్ణికలో పుట్టిన సంకేతం జఠరికలకు దిగడానికి ప్రత్యేకమైన తంతువుల దారి ఉంది. అందులో ఒక కట్టను 1893లో విల్‌హెల్మ్ హిస్ వర్ణించాడు. 1906లో, జర్మనీలో పనిచేస్తున్న జపాన్ వైద్యుడు సునావో తవారా, ఆ కట్ట పైనున్న ముడి మొదలు కింది కుడి ఎడమ శాఖలు, పర్కింజే తంతువుల దాకా అంతా ఒకటే వ్యవస్థ అని తేల్చాడు. పర్కింజే తంతువుల్లో సంకేతం సెకనుకు 2 నుంచి 4 మీటర్లు పోతుంది. మామూలు జఠరిక కండరంలో మీటరు దాటడమే కష్టం. కృష్ణగిరి నుంచి హోసూరుకు హైవే మీద రావడానికీ, మామిడితోటల్లో గట్లు దాటుకుంటూ రావడానికీ ఉన్నంత తేడా!

ఇంత తెలిసీ, దశాబ్దాల పాటు తీగను కుడి జఠరిక అడుగుకొసలోనే దించారు. అక్కడ కండరం గరుకు, తీగ జారదు. గుండె ముడుచుకుంటోంది, ఇంకేం కావాలి అనుకున్నారు. కావాలి మరి. అక్కడ మొదలైన అల కండరం గుండా నెమ్మదిగా పాకుతుంది. ఎడమ జఠరికలో ఒక గోడ ముందు, ఎదుటి గోడ తర్వాత ముడుచుకుంటాయి. పిండే బలం కొంత వృథా. గుండె బలహీనమైనవాళ్ల మీద జరిపిన డేవిడ్ అధ్యయనం 2002లో బయటికొచ్చింది. అవసరానికి మించి అలా కొట్టించినవాళ్లలో మరణం లేదా గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం ఎక్కువని తేలాక గానీ చాలామందికి కళ్లు తెరుచుకోలేదు.

అంతకు ముందే, 2000లో, అమెరికాలో ప్రమోద్ దేశ్‌ముఖ్ బృందం తీగను నేరుగా హిస్ కట్టకే తగిలించింది. ఆలోచన గొప్పదే, కానీ గురి మరీ చిన్నది. 2017లో చైనాలోని వెన్‌జౌ వైద్యుడు వైజియాన్ హువాంగ్ బృందం వెలువరించిన పద్ధతి చూడండి, ఎంత సాహసం! కుడి జఠరికలోంచి, రెండు జఠరికల మధ్య సుమారు సెంటీమీటరు మందమున్న గోడలోకి, తీగ మొనకున్న మరను తిప్పుతూ తొలిచారు. ఆవలి అంచున ఎడమ శాఖ దొరికింది. దొరికిందని ఈసీజీయే చెబుతుంది, వెడల్పాటి అల సన్నబడుతుంది.

పత్రికలకు మాత్రం తీగలేని పేస్‌మేకరే ముద్దు. 2 గ్రాముల గొట్టం, ముచ్చటైనదే, కాదనను. కానీ ఎక్కువగా వాడే రకం వెళ్లి కూర్చునేది మళ్లీ కుడి జఠరిక కండరంలోనే కదా!

ఇక అందరూ అడిగే సెల్‌ఫోన్ సంగతి: వాడుకోవచ్చు. పరికరానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి, చొక్కా జేబులో వద్దు.