చీటీ రాసే డాక్టరుకూ రేడియేషన్ పాఠం

ఎక్స్‌రే అనే మాట తెలియని వారుండరు. చెయ్యి విరిగినా, దగ్గు తగ్గకపోయినా డాక్టరు ముందుగా రాసేది అదే. జర్మనీ శాస్త్రవేత్త రాంట్‌జన్ 1895 నవంబరు 8న ఈ కిరణాలను కనుగొన్నాడు. మరుసటి ఏడాదే ఆసుపత్రులలో వాడకం మొదలైంది. హాని సంగతి మాత్రం ఆలస్యంగా తెలిసింది. ఎడిసన్ వద్ద ఎక్స్‌రే గొట్టాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీకి చేతులపై పుండ్లు పడి క్యాన్సరుగా మారాయి. చేతులు తీసేసినా బతకలేదు, 1904లో మరణించాడు. ఇలా ప్రాణాలు కోల్పోయిన వైద్యులు, సిబ్బంది జ్ఞాపకార్థం 1936లో హాంబర్గ్‌లో స్మారక చిహ్నం నిలిపారు.

డాక్టర్లకు తెలియదా?

తెలిసే ఉంటుందని మనం అనుకుంటాం. కానీ 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక సర్వే చూడండి. ఏ పరీక్షకు రోగికి ఎంత రేడియేషన్ తగులుతుందని 130 మంది డాక్టర్లను అడిగారు. 97 శాతం జవాబులు అసలు మోతాదు కంటే తక్కువ చెప్పినవే. అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ. పరీక్షల్లో కూడా ఈ రేడియేషన్ ఉంటుందనుకున్న వారూ కొందరున్నారు. నిజానికి ఆ రెండింటిలో ఉండదు.

మోతాదును మిల్లీసీవర్టులలో కొలుస్తారు. నేల, గాలి, ఆకాశం నుండి సహజంగానే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు తగులుతుంది. ఛాతీ ఎక్స్‌రేకు 0.1 లేదా అంతకన్నా తక్కువ. పొట్టకు తీసే సీటీ స్కాన్‌కు సుమారు 10 వరకు ఉండవచ్చు. అంటే ఒక్క సీటీ దాదాపు వంద ఛాతీ ఎక్స్‌రేలకు సమానం!

రోగికి కాపలా ఎవరు?

రేడియేషన్ గదిలో పనిచేసే సిబ్బందికి మన దేశంలో పరిమితి ఉంది. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటకూడదు. టి.ఎల్.డి. బ్యాడ్జీ పెట్టుకుంటే దానిని మూడు నెలలకొకసారి పరీక్షించి లెక్క చెబుతారు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఈ నియమాలను చూస్తుంది.

కానీ రోగికి ఇలాంటి పరిమితి లేదు, బ్యాడ్జీ లేదు. అవసరమైన పరీక్షను పరిమితి పేరుతో ఆపకూడదు కాబట్టి అలా ఉంచారు. అందువల్ల రోగికి కాపలా డాక్టరు విచక్షణే. యంత్రం నడిపేది టెక్నీషియన్ అయినా, పరీక్ష కావాలో వద్దో తేల్చేది చీటీ రాసే డాక్టరు. కనుక పాఠం రేడియాలజీ వారికే కాక ఆయనకూ కావాలి. 2012లో జర్మనీలోని బాన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి ఇచ్చిన పిలుపులో వైద్య సిబ్బందికి ఈ శిక్షణను బలపరచడం ఒక ముఖ్యాంశం.

ఏమి నేర్పాలి?

1. చీటీ రాసే ముందు: పాత ఫిల్ము ఉందా? అల్ట్రాసౌండ్‌తో పని జరుగుతుందా? స్త్రీ అయితే గర్భవతా?

2. పిల్లల విషయంలో: వారి శరీరం రేడియేషన్‌కు త్వరగా లోనవుతుంది. పెద్దలకు పెట్టే మోతాదు వారికి పెట్టరాదు.

3. ఆపరేషన్ గదిలో: ఎముకల, గుండె డాక్టర్లు ఎక్స్‌రే తెర చూస్తూ పనిచేస్తారు. రోగి శరీరానికి తగిలి చెదిరిన కిరణాలే వారికి ప్రమాదం. కాలం తగ్గించాలి, దూరం పెంచాలి, అడ్డు పెట్టుకోవాలి. దూరం రెట్టింపైతే తాకిడి సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. సీసపు ఏప్రాన్‌ను మడత పెడితే లోపల పగుళ్లు వస్తాయి. హ్యాంగరుకే తగిలించాలి.

మిత్రులారా, ఎక్స్‌రే అంటే భయపడనక్కరలేదు. అవసరమైన పరీక్ష ప్రాణం నిలుపుతుంది. అనవసరమైనదే వద్దు. మీ ఇంట్లో పాత ఫిల్ములను, రిపోర్టులను దాచి ఉంచి ఆసుపత్రికి వెంట తీసుకువెళ్లండి. "ఈ స్కాన్ తప్పనిసరా సార్?" అని అడగడం మర్యాద తప్పడం కాదు. మన హాస్టల్ నుండి ఎం.బి.బి.ఎస్., నర్సింగ్, రేడియోగ్రఫీ చదువులకు వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు రేపు ఆ ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పే వారు కావాలి. చదువుకోని తల్లిదండ్రులు చీటీ మీద ఏముందో చదవలేరు, రాసిన చేతినే నమ్ముతారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టేది ఈ పాఠమే.