శ్రేణీబలం - సైనిక కంపెనీలు : కౌటిల్యుని బలవిభాగ దృష్టితో ఒక పరిశీలన

వేతనం పుచ్చుకొని పరరాజ్యం కోసం పోరాడేవాణ్ణి కిరాయి సైనికుడని వ్యవహరిస్తున్నాం. ప్రైవేటు సైనిక కంపెనీ ఇతనికంటె భిన్నమైనది. దానికి కార్యాలయం, యాజమాన్యం, లిఖితపూర్వకమైన ఒప్పందం ఉంటాయి. శిక్షణ, కాపలా, గూఢచార సమాచారం మొదలుకొని ప్రత్యక్ష యుద్ధం వరకు మూల్యానికి సమకూర్చే వ్యాపార సంస్థ అది. ఇట్టి సంస్థలు విదేశాల అంతర్యుద్ధాలలో వహించిన పాత్రను అర్థశాస్త్ర పరిభాష సాయంతో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కౌటిల్యుడు తొమ్మిదవ అధికరణంలో సైన్యాన్ని మౌల, భృత, శ్రేణీ, మిత్ర, అమిత్ర, అటవీ బలాలని ఆరు విధాలుగా విభజించి, వీనిలో ముందుదానిని తరువాతిదానికంటె శ్రేయస్కరంగా నిర్ణయించాడు. మౌలబలం ఉనికి రాజు ఉనికితో ముడివడినది. భృతబలం జీతపు సైన్యమే అయినా, నిత్యం చేరువలో ఉండి త్వరగా కదలుతుంది, ఆజ్ఞకు లోబడుతుంది. ఆ తరువాతిది శ్రేణీబలం. ఆయుధాలే జీవనోపాధిగా గలవారి సంఘబలమిది. పాణిని ప్రస్తావించిన ఆయుధజీవి సంఘాలు, కౌటిల్యుడే పదకొండవ అధికరణంలో పేర్కొన్న వార్తాశస్త్రోపజీవులు ఈ కోవకు చేరదగినవారు. అమిత్ర, అటవీ బలాలు కొల్లను ఆశించి వచ్చేవి. కొల్ల దొరకనప్పుడు, రాజుకు ఆపద మూడినప్పుడు వాటివల్ల సర్పభయం వంటి భయం కలుగుతుందని ఆయన హెచ్చరిక.

దీనినిబట్టి జీతం తీసుకొనడాన్ని కౌటిల్యుడు దోషంగా ఎంచలేదని స్పష్టం. రాజుతోను, దేశంతోను సైన్యానికి గల సంబంధమే ఆయన చూపిన ప్రధాన ప్రమాణం. శ్రేణీబలాన్ని మిత్రబలం కంటె మేలన్నది కూడ అది జానపదం కావడంవల్ల, లాభనష్టాలలోను రాగద్వేషాలలోను రాజుతో సమభాగి కావడంవల్లనే. నేటి సైనిక కంపెనీకి శ్రేణి రూపం ఉంది. ఈ జానపదత్వం లేదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్ దీనికి చక్కని నిదర్శనం. 1991లో అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. 1995 నాటికి తిరుగుబాటుదారులు రాజధాని ఫ్రీటౌన్ సమీపానికి వచ్చారు. అప్పటి సైనిక ప్రభుత్వం దక్షిణాఫ్రికాకు చెందిన ఎగ్జిక్యూటివ్ అవుట్‌కమ్స్ అనే కంపెనీని ఆశ్రయించింది. 1989లో ఏర్పడిన ఈ కంపెనీలో వర్ణవివక్ష కాలపు దక్షిణాఫ్రికా సైన్యంలో పనిచేసినవారు అధికం. కొన్ని వందల మందితోనే అది రాజధానిని గండం గట్టెక్కించి, వజ్రాలకు నిలయమైన కోనో ప్రాంతాన్ని తిరిగి చేజిక్కించింది. 1996లో ఎన్నికలు జరగడానికి ఈ ఊరట తోడ్పడిందనడం న్యాయం. కాని ప్రభుత్వ ఖజానాలో ధనం లేదు. కంపెనీ బాకీ పూర్తిగా తీరలేదు. ఈ కంపెనీకి సన్నిహితమైనదిగా పరిగణింపబడిన మరొక సంస్థకు కోనోలో వజ్రాల గని హక్కులు లభించాయి. 1996 నవంబరు నాటి శాంతి ఒప్పందం మేరకు 1997 ఆరంభంలో కంపెనీ వైదొలగింది. అదే సంవత్సరం మే నెలలో సొంత సైన్యమే ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలద్రోసింది. అద్దెబలం శత్రువును తరిమింది గాని, రాజ్యానికి మౌలబలాన్ని నిర్మించి ఇవ్వలేకపోయింది.

తెలుగుదేశ చరిత్ర తెలిసినవారికి ఈ కథ కొత్త కాదు. 1751లో సలాబత్ జంగ్ ఫ్రెంచివారి అండతో నిజాం పీఠమెక్కాడు. బుస్సీ నాయకత్వంలోని సేనల ఖర్చుకై 1753లో ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులు వారి వశమయ్యాయి. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో విజయనగర ప్రభువు పక్షాన నిలిచినవి ఈ సేనలే. 1758లో బుస్సీ వెనుకకు పిలువబడ్డాడు. ఆ తరువాత సలాబత్ జంగ్ తమ్ముని చేత పదభ్రష్టుడయ్యాడు. ఫ్రెంచి కంపెనీ వెనుక ఒక రాజ్యం ఉన్నమాట నిజమే. అయినా జీతానికి బదులు భూమిని ఒప్పగించిన ప్రభువుకు ఆ బలంపై అదుపు ఎంతమాత్రం మిగులుతుందన్న ప్రశ్న రెండుచోట్లా ఒకటే.

ఇక బాధ్యత విషయం. 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్ 47వ అధికరణం కిరాయి సైనికుణ్ణి నిర్వచించింది. అందలి లక్షణాలన్నీ ఏకకాలంలో వర్తిస్తేనే ఆ పేరు చెల్లుతుంది గనుక కంపెనీ ఉద్యోగులు పలువురు దాని పరిధిలోకి రారు. 2008 నాటి మాంట్రో పత్రం సత్ప్రవర్తనను సూచిస్తుందే గాని చట్టబద్ధంగా కట్టడి చేయదు. 2007 సెప్టెంబరు 16న బాగ్దాదులో బ్లాక్‌వాటర్ కాపలాదారుల కాల్పులలో 17 మంది ఇరాకీ పౌరులు మరణించారు. అప్పటికి అమలులో ఉన్న ఆదేశం వల్ల ఇరాక్ న్యాయస్థానాలు వారిని విచారించే అవకాశం లేకపోయింది. అమెరికాలో 2014లో దోషులుగా తేలిన నలుగురికి 2020లో అధ్యక్షుని క్షమాభిక్ష లభించింది. కన్నవారిని పోగొట్టుకొన్నవారు న్యాయం కోసం ఏ ద్వారం తట్టాలి?

రష్యాకు చెందిన వాగ్నర్ దళం మధ్య ఆఫ్రికా, మాలీ దేశాలలో పనిచేసింది. దానితో తనకు సంబంధం లేదని ప్రభుత్వం చిరకాలం చెప్పింది. 2023 జూన్‌లో ఆ దళమే మాస్కో దిశగా తిరుగుబాటు యాత్ర సాగించిన పిమ్మట, పోషణ వ్యయమంతా రాజ్యమే భరించినట్లు అధ్యక్షుడు పుతిన్ ప్రకటించాడు. కౌటిల్యుడు చెప్పిన సర్పభయం పోషకుని ఇంటికే వచ్చిన సందర్భమిది.

కంపెనీల శౌర్యాన్ని గాని, కొన్ని సందర్భాలలో వానివల్ల కలిగిన మేలును గాని కాదనలేము. కాని భృతి ఇచ్చేవాడొకడు, ఆజ్ఞ ఇచ్చేవాడొకడు, ఫలితం అనుభవించే ప్రజ వేరొకరు అయినప్పుడు ఆ బలం ఎవరిదీ కాదు. బలాన్ని దాని పరాక్రమంతోపాటు దాని సంబంధంతోను తూచాలన్న అర్థశాస్త్ర దృష్టి నేటి అంతర్జాతీయ న్యాయచర్చలోను ఉపకరించగలదు.